లైసెన్సు నంబరు లేని డేకేర్ ప్రకటనలు ఆపండి: కాలిఫోర్నియా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మన వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం.

నేను బే ఏరియాలో రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సుతో మా ఇంట్లోనే చిన్న డేకేర్ నడుపుతున్న తెలుగు మహిళను. ఇదే పని చేస్తున్న మరికొందరు తెలుగు ఆడవాళ్ల మాట కూడా కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఈ విషయం మీద మీలో కొన్ని సంఘాలకు ఈమెయిళ్లు పెట్టాం. కార్యక్రమాల దగ్గర కలిసి కూడా చెప్పాం. "చూద్దాం అమ్మా" అన్నారు, అక్కడితో ఆగిపోయింది. మీరు పడే శ్రమ మీద మాకు గౌరవం ఉంది. మా పిల్లలు తెలుగు పద్యం నేర్చుకున్నది మీ స్టేజీల మీదే. అయినా పసిపిల్లల భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి ఇక అందరి ముందూ అడగక తప్పడం లేదు.

మన ఇళ్లలో ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఇక్కడ ఉద్యోగం చేసే తల్లికి ప్రసవం తర్వాత స్టేట్ డిజెబిలిటీ ఇన్సూరెన్స్ కింద మామూలుగా 6 నుంచి 8 వారాలు, ఆపైన పెయిడ్ ఫ్యామిలీ లీవ్ కింద 8 వారాలు జీతంలో కొంత భాగం వస్తుంది. కంపెనీ మంచిదైతే ఇంకొంత సెలవు కలుస్తుంది. ఇండియా నుంచి అమ్మ వస్తుంది, అమ్మ వెళ్లాక అత్తగారు వస్తారు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉంటారు. ఆ తర్వాత బిడ్డను ఎవరో ఒకరికి అప్పగించాలి. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రామోన్, ఎక్కడైనా సరే పెద్ద సెంటర్లలో నడక రాని పిల్లలకు చోటు దొరకడం కష్టం. దొరికినా ఫీజు గుండె ఆగేలా ఉంటుంది. పైగా బిడ్డ ఇంత పప్పన్నం తిని, తెలుగు మాట వింటూ పెరగాలని ఏ తల్లికైనా ఉంటుంది. అప్పుడు ఆమె మీ గ్రూపులోనే అడుగుతుంది: "మా ఏరియాలో బేబీని చూసుకునే తెలుగు ఆంటీ ఎవరైనా ఉన్నారా?"

జవాబులు వెంటనే వస్తాయి. హోమ్ ఫుడ్, ప్యూర్ వెజ్, క్యాష్ ఓన్లీ, పర్సనల్ మెసేజ్ పెట్టండి అని. వాటిలో లైసెన్సు నంబరు కనిపించడం చాలా అరుదు. అడిగేవాళ్లు కూడా అరుదే.

చట్టం ఏం చెబుతోందో ముందు సూటిగా చెబుతాను, ఎందుకంటే దీని మీదే ఎక్కువ అపోహలున్నాయి. సొంత పిల్లలు కాకుండా ఒకే ఒక్క కుటుంబం పిల్లల్ని ఇంట్లో చూసుకుంటే కాలిఫోర్నియాలో లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం బిడ్డ కూడా వచ్చిందంటే లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖలోని కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం. లైసెన్సు లేకుండా నడుపుతున్నట్టు తేలితే రోజువారీ జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. ఇంకో సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి. లైసెన్సు ఉన్న డేకేర్ తన ప్రకటనల్లో లైసెన్సు నంబరు వేయాలని రాష్ట్ర హెల్త్ అండ్ సేఫ్టీ కోడే చెబుతోంది. అంటే మేం మిమ్మల్ని కొత్త నియమం పెట్టమని అడగడం లేదు, ఉన్న నియమాన్నే మీ గ్రూపుల్లో పాటించమంటున్నాం.

"లైసెన్సంటే మాటలా, ఏళ్లు పడుతుంది, లాయర్ కావాలి, వేల డాలర్లు కావాలి" అని మన ఆడవాళ్లు భయపడుతుంటారు. ఆ భయం ఎంత అనవసరమో చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు సమస్య. కాబట్టి ఏం కావాలో వివరంగా రాస్తాను.

చిన్న డేకేర్ లైసెన్సుకు దరఖాస్తు ఫీజు 73 డాలర్లు, ఆ తర్వాత ఏటా మరో 73. ముందుగా ఓరియెంటేషన్ చూడాలి, దానికి 25 డాలర్లు. ఇంట్లో ఉండే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ లైవ్ స్కాన్ సెంటర్‌కు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. వాటిని రాష్ట్ర న్యాయశాఖ రికార్డుల్లో, ఎఫ్‌బీఐ రికార్డుల్లో చూస్తారు. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల జాబితాలో పేరుందేమో కూడా చూస్తారు. టీబీ లేదని రిపోర్టు కావాలి. తట్టు, కోరింత దగ్గు టీకాలు వేయించుకున్నట్టు రుజువు కావాలి. ఫ్లూ టీకా మాత్రం వద్దనుకుంటే రాసిచ్చి మానుకోవచ్చు. ఆరోగ్యం, భద్రత మీద 16 గంటల శిక్షణ ఉంటుంది. అందులో పసిపిల్లలకు సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే చికిత్స), ఫస్ట్ ఎయిడ్ ఎలా చేయాలో నేర్పిస్తారు, పోషణ గురించీ, సీసం విషం గురించీ చెబుతారు. సీపీఆర్ సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. బిడ్డ ఒంటి మీద అనుమానాస్పదమైన గాయం కనిపిస్తే ఎవరికి, ఎలా తెలియజేయాలో నేర్పే ఆన్‌లైన్ శిక్షణ వేరే ఉంటుంది.

ఇక ఇల్లు. 2ఏ10బీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మందులు, క్లీనింగ్ ద్రావణాలు పిల్లల చేతికి అందకూడదు. తుపాకీ ఉంటే తాళం వేసి ఉండాలి. స్విమ్మింగ్ పూల్ ఉంటే పిల్లలు అందులోకి వెళ్లకుండా కంచెలాంటి రక్షణ ఉండాలి. ఇవన్నీ అయ్యాక లైసెన్సింగ్ వాళ్లు ఇంటికొచ్చి చూసి వెళతారు. చాలామంది అనుకున్నట్టు ఇల్లు సొంతది కానక్కర్లేదు, అపార్ట్‌మెంట్ అయినా ఫరవాలేదు. బాల్య విద్యలో డిగ్రీ కూడా అవసరం లేదు.

ఎంతమంది పిల్లల్ని తీసుకోవచ్చన్నదానికీ లెక్క ఉంది. రెండేళ్లలోపు పసివాళ్లే అయితే నలుగురు. కలిపి అయితే ఆరుగురు, అందులో రెండేళ్లలోపు వాళ్లు ముగ్గురికి మించకూడదు. బడికి వెళ్లే పెద్ద పిల్లలు కూడా ఉంటే కొన్ని షరతుల మీద ఎనిమిది మంది దాకా. మన సొంత పిల్లలు పదేళ్లలోపు వాళ్లయితే వాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు. ఒక ఏడాది అనుభవం వచ్చాక, సహాయకురాలిని పెట్టుకుని 12 నుంచి 14 మంది పిల్లల దాకా చూసే పెద్ద లైసెన్సుకు వెళ్లవచ్చు.

ఈ నియమాల్లో కొన్ని మన అలవాట్లకు ఎదురొస్తాయి. అవి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తాయి కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. లైసెన్సు ఉన్న ఇంట్లో బేబీ వాకర్ వాడటం కాదు కదా, ఉంచడం కూడా కుదరదు. మన ఇళ్లలో ఆర్నెల్ల బిడ్డకు మొదటి బహుమతి అదే. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, ఒక్కో బిడ్డకు విడిగా క్రిబ్ (చుట్టూ కటకటాలున్న చిన్న మంచం) గానీ ప్లేయార్డ్ (చుట్టూ వల ఉన్న మడత తొట్టి) గానీ ఉండాలి. దాంట్లో దిండు, దుప్పటి, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదు. గుడ్డలో బిగుతుగా చుట్టి పడుకోబెట్టకూడదు. ఊపి నిద్రపుచ్చి ఉయ్యాల్లోనే వదిలేసే అలవాటు ఇక్కడ చెల్లదు. నిద్రపోతున్న పసిబిడ్డను ప్రతి 15 నిమిషాలకూ వెళ్లి చూడాలి. శ్వాస ఎలా ఉంది, ఒళ్లు వేడెక్కిందా అని చూసి రాసిపెట్టాలి. "మేమంతా బోర్లా పడుకునే పెరగలేదా" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ నిద్రలోనే పసిబిడ్డ ప్రాణం పోయిన ఇళ్లలో కూడా ప్రేమకు కొదవ లేదు. ఈ నియమాలు వచ్చింది అలాంటి మరణాలను చూశాకే.

అడుగడుగునా ఇంత వివరంగా ఆలోచించి పెట్టిన ఏర్పాటును మన సమాజం పట్టించుకోకపోతే ఎవరెవరికి ఏమవుతోందో చూడండి.

1. పసిపిల్లలు. లైసెన్సు లేని ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క చూసేవాళ్లు లేరు. ఒక్కరే నలుగురు పాకే పిల్లల్నీ, ఇద్దరు బడి పిల్లల్నీ చూస్తూ మధ్యలో వంట చేస్తుంటారు. బిడ్డ గొంతులో ద్రాక్షపండు ఇరుక్కుంటే ఏం చేయాలో నేర్చుకుని ఉండరు. తప్పు ఆమెది మాత్రమే అనను, ఆమెకు నేర్పినవాళ్లెవరూ లేరు. కానీ ఆ క్షణంలో కారణాలు బిడ్డకు పనికిరావు.

2. తల్లిదండ్రులు. లైసెన్సు ఉన్న డేకేర్‌కు తల్లిదండ్రులు పని వేళల్లో ముందు చెప్పకుండా ఎప్పుడైనా లోపలికి రావచ్చు, అది వాళ్ల హక్కు. ఆ డేకేర్ మీద వచ్చిన ఫిర్యాదులు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు రాష్ట్ర లైసెన్సింగ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. లైసెన్సు లేని చోట ఇవేవీ ఉండవు. డబ్బు నష్టం కూడా ఉంది. పిల్లల సంరక్షణ ఖర్చు మీద ఫెడరల్ పన్ను రాయితీ అడగాలంటే చూసుకునేవాళ్ల పేరు, అడ్రసు, పన్ను నంబరు ఫారం 2441లో రాయాలి. ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ కోసం జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఖాతా) తీసుకున్నవాళ్లకూ అదే కావాలి. దాని పరిమితి 2026 నుంచి ఒక కుటుంబానికి 7,500 డాలర్లకు పెరిగింది. క్యాష్ ఓన్లీ ఆంటీ తన నంబరు ఇవ్వదు, ఆ రాయితీ అడగడం కష్టమవుతుంది. ఆమె ఉన్నట్టుండి ఇండియా వెళ్లిపోతే ఆ వారం తల్లి ఆఫీసు సెలవు పోయినట్టే. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది ఇలా ఒకసారి రోడ్డున పడ్డాకే వచ్చారు. మా వెయిటింగ్ లిస్టులో వాళ్ల పేరు రాసుకుంటూ "ఇంకో నాలుగు నెలలు పడుతుందమ్మా" అని చెప్పాల్సి వస్తే నాకూ ఆ రాత్రి నిద్ర పట్టదు.

3. చూసుకునే ఆడవాళ్లు. ఏదైనా జరగరానిది జరిగితే మొత్తం భారం వాళ్ల మీదే పడుతుంది. మామూలు ఇంటి ఇన్సూరెన్సు సాధారణంగా ఇలాంటి వ్యాపారానికి వర్తించదు. లైసెన్సు ఉన్నవాళ్లు లయబిలిటీ ఇన్సూరెన్సు తీసుకోవాలి, లేదా బాండు పెట్టాలి, అదీ కాకపోతే తమకు ఇన్సూరెన్సు లేదన్న సంగతి తల్లిదండ్రులకు చెప్పి వాళ్ల సంతకం తీసుకోవాలి. అంటే అందరికీ తెలిసి జరిగే పని అది. లైసెన్సు లేని ఇంట్లో ఒక చిన్నారి మెట్ల మీంచి పడితే ఆ కుటుంబం ఇల్లూ వాకిలీ చిక్కుల్లో పడతాయి.

4. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. "అమ్మావాళ్లు వచ్చారు, ఖాళీగానే ఉంటారు, ఇంకో ఇద్దరు పిల్లల్ని చూస్తారు" అంటూ పెట్టే పోస్టులు మీ గ్రూపుల్లో ఉన్నాయి. సొంత మనవడిని చూసుకోవడం వేరు. విజిటర్ వీసా మీద ఉండి వేరేవాళ్ల పిల్లల్ని డబ్బు తీసుకుని చూస్తే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. మళ్లీ వీసా అడిగినప్పుడు, ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు వేసినప్పుడు ఇబ్బంది పడేది అరవై ఏళ్లు దాటిన ఆ తల్లే. ఆ పోస్టు పెట్టిన అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు, మీ అడ్మిన్లకు తెలియాలి.

లైసెన్సు తీసుకుందామని ముందుకొచ్చినవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో కూడా చెప్పాలి. మీ సాయం నిజంగా పనికొచ్చేది అక్కడే.

మొదటి అడ్డంకి ఇంటి ఓనరు. "లీజులో వ్యాపారం వద్దని ఉంది, ఖాళీ చేయండి" అంటారు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు నోటీసు పంపుతారు. భయపడి సగంలో మానేసినవాళ్లు నాకు తెలుసు. కానీ చట్టం మన వైపే ఉంది. 2019లో కాలిఫోర్నియా సెనేట్ బిల్లు 234 తెచ్చింది, అది 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇంట్లో నడిపే డేకేర్‌ను, పెద్ద లైసెన్సు అయినా సరే, నివాసంగానే చూడాలి. నగర పాలక సంస్థలు జోనింగ్ పర్మిట్ గానీ బిజినెస్ లైసెన్సు గానీ అడగకూడదు. అపార్ట్‌మెంట్లకూ, టౌన్‌హోమ్‌లకూ ఈ రక్షణ ఉంది. డేకేర్ వద్దనే లీజు షరతులూ, హెచ్‌ఓఏ నిబంధనలూ చెల్లవు. అద్దెకుండేవాళ్లు మొదలుపెట్టడానికి 30 రోజుల ముందు ఓనరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అద్దె అడ్వాన్సు చట్టం ఒప్పుకున్నంత మేరకు పెంచే హక్కు ఓనరుకుంది. ఆరుగురు కాకుండా ఎనిమిది మందిని తీసుకోవాలంటే మాత్రం ఓనరు రాతపూర్వక అనుమతి కావాలి. డేకేర్ కారణంగానే వేధిస్తే రాష్ట్ర సివిల్ రైట్స్ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఇదంతా ఒక్క పేజీలో తెలుగులో రాసి చేతికిస్తే ఎంతమంది ధైర్యంగా ఓనరుతో మాట్లాడగలరో ఆలోచించండి. మన సంఘాల్లో ఇళ్లు కొని అద్దెకిచ్చిన తెలుగువాళ్లు కూడా తక్కువేమీ లేరు. ఆ పేజీ వాళ్లూ చదవాలి.

రెండో అడ్డంకి వీసా. డేకేర్ లైసెన్సు వేరు, పని చేసే అనుమతి వేరు. హెచ్4 (హెచ్1 ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకు ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) ఉంటేనే సొంతంగానైనా సంపాదించవచ్చు. 2015 మే నుంచి ఆ అవకాశం ఉంది, అది కూడా భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్లకే. ఈఏడీ లేకుండా ఒక్క కుటుంబం బిడ్డను చూసి డబ్బు తీసుకున్నా స్టేటస్‌కు ముప్పు. ఈ మధ్య ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. రెన్యువల్‌కు పెట్టుకుంటే పాత కార్డు గడువు దానంతటది పొడిగించే సౌకర్యం ఉండేది. 2025 అక్టోబరు 30న గానీ ఆ తర్వాత గానీ పెట్టిన దరఖాస్తులకు దాన్ని తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే పాతదాని గడువు ముగిసిన రోజే డేకేర్ మూసేయాలి. అంటే నాలుగైదు ఇళ్లలో తల్లులు ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్లలేరు. రెన్యువల్ ఎప్పుడు పెట్టాలి, తల్లిదండ్రులకు ముందే ఎలా చెప్పాలి, తాత్కాలికంగా పిల్లల్ని ఏ లైసెన్సు ఉన్న ఇంటికి పంపాలి అన్నవి ముందే మాట్లాడుకోవాల్సిన విషయాలు.

మూడోది ఇంట్లో మనుషులు. అత్తమామలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారంటే వాళ్ల వేలిముద్రల సంగతి ముందే లైసెన్సింగ్ వాళ్లతో మాట్లాడుకోవాలి. "మా నాన్నగారికి వేలిముద్రలా, ఆయనేమైనా దొంగా" అని ఇంట్లో గొడవలయ్యాయి. పిల్లలున్న ఇంట్లో అందరికీ ఒకటే నియమమని ఒక పెద్దమనిషి చెబితే వింటారు. మీ మాటకు ఆ విలువ ఉంది.

ఇంకొకటి ఆదాయం. 2025-26 విద్యా సంవత్సరం నుంచి నాలుగేళ్ల పిల్లలందరికీ ప్రభుత్వ బడుల్లో ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ (కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది తరగతి) వచ్చింది. తల్లిదండ్రులకు అది మేలే, నేనూ సంతోషించాను. అయితే మా దగ్గర మిగిలేది ఎక్కువగా పసివాళ్లు, వాళ్లను నలుగురికి మించి తీసుకోలేం. ఫీజు పెంచితే తల్లిదండ్రులకు కష్టం, పెంచకపోతే మాకు కష్టం. ఈలోగా పక్క వీధిలో లైసెన్సు లేకుండా ఏడుగురిని పెట్టుకుని తక్కువ తీసుకునేవాళ్లకు మీ గ్రూపుల్లో ఉచితంగా ప్రచారం దొరుకుతోంది. నియమాలు పాటించేవాళ్లం నష్టపోవడం న్యాయమేనా?

మీలో కొందరు మాతో అన్న మాటలకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. "మేం సాంస్కృతిక సంఘాలం, ఇది చట్టాల విషయం" అన్నారు. హెచ్1 లేఆఫ్‌ల మీద, పన్నుల మీద, వీలునామాల మీద మీరే వెబినార్లు పెట్టారు, మేమూ కూర్చుని విన్నాం. పసిపిల్లల విషయం వాటికన్నా దూరం కాదు. "గట్టిగా పట్టుబడితే పాపం ఆ ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది" అన్నారు. ఆ ఆడవాళ్లను లైసెన్సు వైపు నడిపించమంటున్నాం, పట్టించమని కాదు. మీ గ్రూపుల్లో ఎవరి పేరూ మేం ఏ అధికారికీ ఇవ్వలేదు, ఇచ్చే ఉద్దేశం లేదు. "తెలిసినవాళ్లే కదా, మనవాళ్లే కదా" అన్నారు. మన ఊరివాళ్లు, మన భాషవాళ్లు అన్న నమ్మకం మంచిదే. దానికి తోడు సీపీఆర్ కూడా వచ్చి ఉండాలి.

లైసెన్సు వస్తే దొరికే మేలు గురించి కూడా చెప్పండి. ఫెడరల్ ప్రభుత్వ చైల్డ్ అండ్ అడల్ట్ కేర్ ఫుడ్ ప్రోగ్రామ్ కింద లైసెన్సు ఉన్న ఇళ్లకు పిల్లల భోజనం ఖర్చులో కొంత తిరిగి ఇస్తారు. అందులో మాంసం బదులు పప్పు, పెరుగు లెక్కలోకి వస్తాయి, కాబట్టి శాకాహార వంటతో కూడా చేరవచ్చు. ప్రతి కౌంటీలో రిసోర్స్ అండ్ రిఫరల్ ఏజెన్సీ ఉంటుంది. లైసెన్సుకు దారి చూపడం, తల్లిదండ్రులకు డేకేర్ల జాబితా ఉచితంగా ఇవ్వడం వాళ్ల పని. ఇంటికి వచ్చి పిల్లల్ని చూసే నానీలకు ట్రస్ట్‌లైన్ అనే రాష్ట్ర రిజిస్ట్రీ ఉంది. వేలిముద్రలు సరిచూశాకే అందులో పేరు ఎక్కుతుంది. మన గ్రూపుల్లో నానీ కోసం అడిగేవాళ్లలో దాని పేరు విన్నవాళ్లు ఎంతమంది?

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. మీ గ్రూపుల్లో, న్యూస్‌లెటర్లలో, వెబ్‌సైట్లలో వచ్చే ఇంటి డేకేర్ ప్రకటనలో లైసెన్సు నంబరు తప్పనిసరి చేయండి. ఒకే కుటుంబం బిడ్డను చూస్తామనేవాళ్లు ఆ మాట స్పష్టంగా రాయాలి. నంబరు ఇచ్చినా అడ్మిన్ ఒకసారి లైసెన్సింగ్ వెబ్‌సైట్‌లో సరిచూడాలి, రెండు నిమిషాల పని.

2. విజిటర్ వీసా మీద ఉన్న పెద్దవాళ్లను పిల్లల్ని చూసే పనికి పెట్టే పోస్టులు ఈ రోజు నుంచే తొలగించండి. దీనికి ఏ మీటింగూ అక్కర్లేదు.

3. లైసెన్సు ఎలా తీసుకోవాలో తెలుగులో వివరించే వర్క్‌షాపు ఏడాదికి రెండుసార్లు పెట్టండి. చెప్పడానికి మేం వస్తాం, డబ్బు తీసుకోం. వీసా ప్రశ్నలకు ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును మీరు పిలవండి, ఆ పని మా వల్ల కాదు. 2007లో మొదలైన, పిల్లలకు తెలుగు నేర్పే మనబడికి వలంటీర్లను కూడగట్టిన సమాజం మనది. ఒక శనివారం ఉదయానికి హాలు దొరకదా?

4. సెనేట్ బిల్లు 234 ఇచ్చిన హక్కుల మీద ఒక పేజీ తెలుగు కరపత్రం వేయండి. అద్దెకుండేవాళ్లకూ, అద్దెకిచ్చేవాళ్లకూ రెండువైపులా అర్థమయ్యేలా ఉండాలి. ముసాయిదా మేం రాసిస్తాం, మీ దగ్గరున్న న్యాయవాదులతో సరిచూపించండి.

5. పసిపిల్లల సీపీఆర్ తరగతి ఫీజులో కొంత భాగాన్ని, కొత్తగా దరఖాస్తు చేసే మహిళలకు మీ సేవా నిధి నుంచి ఇవ్వండి. సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతులకు పెట్టేంత ఖర్చుతో ఏటా కొందరికైనా అందుతుంది.

6. ఉగాది సంబరాల్లో స్పాన్సర్ల స్టాళ్ల పక్కన మీ కౌంటీ రిసోర్స్ అండ్ రిఫరల్ ఏజెన్సీకి ఒక బల్ల ఉచితంగా ఇవ్వండి. తెలుగులో మాట్లాడటానికి మాలో ఒకరు వాళ్ల పక్కన కూర్చుంటారు.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంట గురించి అడిగే ముందు లైసెన్సు నంబరు అడగండి. ఎంతమంది పిల్లలున్నారు, పసివాళ్లు ఎక్కడ పడుకుంటారు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరెవరు ఉంటారు అని అడగండి. నడిపే ఆమె మొహమాటపడితే మీరు మొహమాటపడకండి. ఆ ప్రశ్నలు మమ్మల్ని అడిగితే మాకు కోపం రాదు, సంతోషిస్తాం.

ఈ లేఖ అందిన సంఘాలు మీ తదుపరి కార్యవర్గ సమావేశం అజెండాలో దీన్ని చేర్చి, మొదటి రెండు కోర్కెల మీద తీసుకున్న నిర్ణయాన్ని మీ సభ్యులందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. సమావేశానికి రమ్మంటే సాయంత్రం ఆరున్నర తర్వాత ఏ రోజైనా వస్తాం. అంతకుముందు రాలేం, పిల్లలు ఇంకా మా దగ్గరే ఉంటారు.

ఇట్లు,
బే ఏరియాలో లైసెన్సుతో ఇంటి డేకేర్ నడుపుతున్న ఒక తెలుగు మహిళ, మరికొందరు తోటి నిర్వాహకుల తరఫున